బిళ్ల పలికితే బిడ్డ ఉన్నట్టేనా?

మేము ఆశ్రమ పాఠశాలల్లో పెరిగినవాళ్లం. ఆరేళ్లకో ఏడేళ్లకో రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని కొండ దిగాం. దిగిన రోజు నుంచి హాజరు పట్టీ మా వెంటే ఉంది. పొద్దున ప్రార్థన దగ్గర ఒకసారి, బడి గంట కొట్టాక ఒకసారి, సాయంత్రం చదువు వేళ ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకసారి. పేరు పిలిస్తే "ఉన్నాను సార్" అనాలి. ఆ పేరు కూడా చాలామందికి ఇంట్లో పిలిచేది కాదు, బడిలో రాసినది. అది తమ పేరేనని తెలియక కొత్తలో పలకని పిల్లలుండేవారు. ఎదురుగా కూర్చుని కూడా వాళ్లు ఆ రోజుకు లేనివాళ్లయ్యేవారు.

ఇప్పుడు పేరు పిలిచే పనే ఉండదంటున్నారు. వేలిముద్ర మిషన్లు వచ్చాయి, ముఖాన్ని గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి. ఆ వరసలోనే రేడియో ఫ్రీక్వెన్సీ ట్యాగు మాట కూడా వినిపిస్తోంది. అది గుర్తింపు కార్డులో ఇమిడిపోయే చిన్న బిళ్ల. మామూలు రకంలో బ్యాటరీ ఉండదు. ఒక చిప్పు, దానికో సన్నని తీగ, అంతే. గేటు దగ్గర పెట్టిన రీడరు రేడియో తరంగాలు పంపితే ఆ శక్తితోనే మేలుకుని తన నంబరు చెబుతుంది. కొన్ని రకాలు ఆనించినంత దగ్గరకు తెస్తేనే పలుకుతాయి, కొన్ని మీటర్ల దూరం నుంచే పలుకుతాయి. టోల్‌గేటు దగ్గర లారీని లెక్కపెట్టే ఫాస్టాగ్ ఈ రెండో జాతిది. లారీకి పనికొచ్చింది బిడ్డకు పనికొస్తుందా అన్నదే మా ప్రశ్న.

ముందు అవతలి మాట వినాలి. అందులో నిజముంది. వసతి గృహంలో భోజనం డబ్బు పిల్లల తలల లెక్కన వస్తుంది. ఇంటికెళ్లిన పిల్లల్ని ఉన్నట్టు రాసుకుని వాళ్ల బియ్యం, గుడ్లు, నూనె మింగినవాళ్లను మేము చూశాం. మా నోటి కూడు దోచినవాళ్లను పట్టిచ్చే పరికరం మాకు శత్రువు కాదు. రెండో సంగతి తల్లిదండ్రుల భయం. సెలవులయ్యాక ఆడపిల్లను జీపెక్కించి పంపిన తల్లికి ఆ పిల్ల బడి చేరిందో లేదో రెండు రోజులకు గానీ తెలియని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. "చేరింది" అని ఫోనుకు ఒక్క మాట వస్తే చాలనుకుంటుంది. ఆ ఫోనుకు సిగ్నలు అందాలంటే గుట్టెక్కాలి. వచ్చిన తెలుగు మెసేజిని చదవడానికి పక్కింటి పిల్లవాణ్ని పిలవాలి. అయినా ఆ తల్లి కోరికను తక్కువ చేసే హక్కు మాకు లేదు.

మరి అభ్యంతరం ఎక్కడ? మేము చూసిన ఒక సంగతి చెబుతాం. మాలో కొందరం చదివిన బడిలో ఒక వానాకాలం ఒక పిల్లవాడు జ్వరంతో మంచం పట్టాడు. మూడు రోజుల పాటు వాడి పేరు పిలిచిన ప్రతిసారీ పక్కవాళ్లెవరో "గదిలో ఉన్నాడు సార్" అన్నారు. పట్టీలో టిక్కు పడింది. నాలుగో రోజు వంట చేసే అక్క వార్డెను దగ్గరికి వచ్చి, ఆ పిల్లవాడి కంచం మూడు పూటలుగా కడగడానికి రాలేదని చెప్పింది. అప్పుడు వెళ్లి చూశారు. మాటకు మాట సంబంధం లేకుండా పలవరిస్తున్నాడు. మలేరియా మెదడుకెక్కిందని ఆసుపత్రిలో చెప్పారు. ప్రాణం దక్కింది గానీ ఆ ఏడు చదువు పోయింది.

ఆ మూడు రోజుల హాజరు పట్టీలో దొంగ లెక్క ఒక్కటి కూడా లేదు. పిల్లవాడు నిజంగానే బడిలో ఉన్నాడు. ట్యాగు ఉండి ఉంటే అదీ సరిగ్గా అదే చెప్పేది. వాణ్ని కాపాడింది లెక్క కాదు, చూపు. వంట అక్క దగ్గర ఏ రిజిస్టరూ లేదు. ఎవరి కంచం ఏ రంగుదో, ఎవరు రెండోసారి అన్నం అడుగుతారో ఆమెకు తెలుసు.

లెక్కపెట్టడం వేరు, చూసుకోవడం వేరు. రెండూ ఉండాలి. కానీ యంత్రం వస్తే ఒక ప్రమాదం ఉంది. లెక్క అంత సుళువుగా తేలిపోయాక, చూసుకోవడం కూడా అయిపోయిందనిపిస్తుంది. పేరు పిలిచే మాస్టారు కనీసం తలెత్తి మొహం చూడాలి. గొంతులో నీరసం వినబడుతుంది. బిళ్లకు గొంతు లేదు. ఆకలికో, గజ్జికో, అవమానానికో తట్టుకోలేక రాత్రి గోడ దూకిన పిల్లవాడి బిళ్ల తలగడ కిందే ఉంటుంది. కంప్యూటరు వాణ్ని ఉన్నాడంటుంది. రేపు ఏదైనా జరిగితే "మా రికార్డులో ఉన్నాడు" అని పెద్దలు తప్పుకోవడానికి ఆ రికార్డే సాక్ష్యమవుతుంది. ఒకవేళ బిళ్ల నిజమే చెప్పినా, ఎప్పుడు వెళ్లాడో చెబుతుంది. ఎందుకు వెళ్లాడో చెప్పదు.

అమెరికాలో కూడా ఇది జరిగింది. 2005లో కాలిఫోర్నియాలోని సటర్ అనే చిన్న ఊరి బడిలో పిల్లల మెడలో ఇలాంటి కార్డులు వేస్తే తల్లిదండ్రులు ఎదురు తిరిగారు, వాటిని తీసేశారు. 2012లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో రెండు బడుల్లో పెట్టారు. అక్కడ బడికి వచ్చే డబ్బు రోజువారీ హాజరును బట్టి ఉంటుంది, ఆ డబ్బు జారిపోకూడదని పెట్టారు. తర్వాతి ఏడాది మానేశారు. దేశం వేరు, పిల్లలు వేరు. కానీ తల లెక్కకు డబ్బు ముడిపడిన చోటే ఈ బిళ్ల పుట్టింది. మన రాష్ట్రంలోనూ అమ్మ ఒడి డబ్బుకు 75 శాతం హాజరు షరతు పెట్టిన రోజులు చూశాం. అందుకే అడుగుతున్నాం. దొంగతనం చేసింది పెద్దలైతే మెడలో బిళ్ల పిల్లలకెందుకు? గుర్తు వేయాల్సింది బియ్యం బస్తాకా, బిడ్డకా?

మాకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకల వంటి జాతుల్ని పుట్టుకతోనే దొంగలని రాసి, వేలిముద్రలు తీసుకుని, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి, వేళకు హాజరు పలికించారు. అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. ఆ చట్టం 1952లో రద్దయింది. బడి హాజరూ సెటిల్‌మెంటు హాజరూ ఒకటే అని మేము అనడం లేదు. ఒకటి చదువు కోసం, ఇంకొకటి అనుమానంతో. కానీ ఆ తేడా ఎక్కడ నిలబడుతుంది? లెక్కపెట్టేవాడు లెక్కకు వచ్చేవాడికి జవాబు చెప్పుకున్నప్పుడు నిలబడుతుంది. జవాబుదారీ ఒక్కవైపే ఉంటే ఆ గీత చెరిగిపోతుంది. ఉపాధ్యాయుడి రాకపోకలు, నర్సు వచ్చిన రోజులు, వచ్చిన గుడ్ల లెక్క తల్లిదండ్రులకు కనబడని చోట పిల్లల అడుగులు మాత్రం ఎక్కడో ఉన్న ఆఫీసు తెర మీద కనబడుతుంటే, దాన్ని రక్షణ అని ఎలా అనగలం?

హాజరు పట్టీకి తెలిసింది రెండే గళ్లు. ఉన్నాడు, లేడు. కానీ బడిలో లేని రోజు పిల్లవాడు ఎక్కడో ఒకచోట ఉన్నాడు. పుష్య అమావాస్యకు మెస్రం వాళ్ల పిల్లవాడు కేస్లాపూర్‌లో నాగోబా దగ్గర ఉన్నాడు. చైత్రంలో ఇటుకల పండక్కి అరకు వైపు పిల్లవాడు తన ఊళ్లో ఉన్నాడు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో అమ్మ పక్కన బుట్ట పట్టుకుని ఉన్నాడు. కొన్ని రోజులు బడిలోనే ఉండాల్సింది, నిజమే. కానీ అన్నిటికీ ఒకే ఎర్ర గుర్తు పెట్టే యంత్రం పిల్లవాడికి ఒక పాఠం చెబుతుంది. నీ ఊరు నీ గైర్హాజరు అని. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు పిల్లలకు గోండి భాషలో చదువు మొదలైంది, గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశారు. పిల్లల్ని బడిలో నిలపడానికి గేటు ఒక దారి, భాష ఒక దారి. రెండో దారి మాకు కొత్త కాదు.

2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2023 నాటి డిజిటల్ డేటా చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది, పిల్లల జాడ వెంటాడటం వద్దంది. మినహాయింపులిచ్చే వీలు కూడా ప్రభుత్వం దగ్గరే ఉంచుకుంది. మా తల్లిదండ్రుల అనుమతి అంటే ఇన్నాళ్లూ చేర్పించే రోజున వేయించుకునే వేలిముద్ర. ఆ కాగితంలో ఏముందో వాళ్లకు ఎవరు చెప్పారు?

కాబట్టి మేము అడిగేది ఇంతే. బిళ్ల తేవాలనుకుంటే ముందు గ్రామసభలో, మా భాషలో చెప్పండి. వద్దంటే మానేయండి. సరేనంటే గేటు దగ్గరే ఉంచండి, పడక గదుల్లోకీ స్నానాల గదుల వైపుకూ తేవద్దు. బిళ్ల పోయిందని ఏ పిల్లకూ అన్నం ఆపవద్దు. ఏడాది తిరగ్గానే ఆ లెక్క చెరిపేయండి. పెద్దల హాజరూ సరుకుల లెక్కా బడి గోడ మీద రాయండి. అన్నిటికన్నా ముందు, రోజుకు ఒక్కసారైనా ఒక మనిషి ఒక్కో బిడ్డనూ పేరు పెట్టి పిలవాలి, ఇంట్లో పిలిచే పేరుతో. తిన్నావా అని అడగాలి. ఆ వంట అక్క జీతం ఏళ్లు గడిచినా పెరగలేదని తర్వాత విన్నాం. రీడరు కొనే డబ్బు ఉంటే, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.