పొరుగింటి తలుపు

"అది వాళ్ళింటి విషయం, మనకెందుకు?" ఈ మాట వినని ఇల్లాలు తెలుగునాట ఉండదు. గోడ అవతల ఎవడో భార్యని చావబాదుతుంటే, ఇవతల కంచం ముందు కూర్చున్న పెద్దాయన నోట వచ్చే మాట అది. చూసొద్దామని గుమ్మం దాటబోయిన ఆవిడని వెనక్కి లాగే మాట కూడా అదే. చిత్రమేమిటంటే, దేశాలు కూడా ఈ మాటనే వాడుకుంటాయి. కాకపోతే కాస్త ఇస్త్రీ చేసి వాడతాయి. "ఇది మా ఆంతరంగిక వ్యవహారం" అంటాయి. "సార్వభౌమత్వం" అంటాయి. మాట ఎంత పెద్దదైనా భావం ఒక్కటే: మా గోడల మధ్య మేం ఏం చేసుకున్నా మీరు తొంగి చూడకూడదు.

మరి ఒక దేశంలో జనం తిరగబడితే, ప్రభుత్వం వాళ్ళ మీదికి ట్యాంకుల్నీ విమానాల్నీ తోలితే, బయటి దేశాలు సైన్యంతో వెళ్ళి అడ్డుకోవచ్చునా? అబ్బో, ఇది ప్రధానమంత్రులూ రాయబారులూ తేల్చుకోవలసిన సంగతి, వంటింట్లో మనకెందుకు అనుకోకండి. గోడ అవతలి ఏడుపు వింటూ, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోవడం అంటే ఏమిటో మనకి తెలిసినంతగా వాళ్ళకి తెలియదు.

2005 సెప్టెంబరు నెలలో ఒక తమాషా జరిగింది. 13వ తేదీన, గృహహింస నుంచి స్త్రీలకి రక్షణ కల్పించే చట్టానికి మన రాష్ట్రపతి ఆమోదం లభించింది. హింస జరుగుతోందని తెలిసినవాళ్ళెవరైనా, పక్కింటివాళ్ళైనా సరే, అధికారికి చెప్పవచ్చునంటుంది ఆ చట్టం. సరిగ్గా మూడు రోజుల తర్వాత, 16వ తేదీన, న్యూయార్కులో సమావేశమైన ప్రపంచ నాయకులు ఒక పత్రాన్ని ఆమోదించారు. తన ప్రజల్ని మారణహోమం వంటి ఘోరాల నుంచి కాపాడుకోవడం ప్రతి ప్రభుత్వం బాధ్యత అనీ, ఏ ప్రభుత్వమైనా ఆ పని బొత్తిగా చెయ్యకపోతే భద్రతా మండలి ద్వారా ప్రపంచం కలగజేసుకోవచ్చుననీ దాని సారాంశం. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కాని రెండూ చెప్పింది ఒకటే. గోడ ఉన్నంత మాత్రాన దాని వెనక జరిగేదంతా సొంత వ్యవహారం అయిపోదు.

ఆ పత్రం వెనక సిగ్గుపడవలసిన కథ ఒకటుంది. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షలమందిని చంపేశారు. అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతి సైనికులు ఉన్నారు. హత్యలు మొదలయ్యాక వాళ్ళ సంఖ్య పెంచారనుకుంటున్నారా? ఏప్రిల్ 21న భద్రతా మండలి తీర్మానం చేసి, రెండున్నర వేలమంది ఉన్న ఆ దళాన్ని 270 మందికి కుదించేసింది. ఏడుపు వినపడగానే లేచి మన తలుపు గడియ పెట్టుకున్నట్టు!

అందుకే 2011లో లిబియాలో తిరుగుబాటు వచ్చినప్పుడు, ఈసారి చూస్తూ ఊరుకోకూడదనుకున్నారు చాలామంది. ఆ తిరుగుబాటు ఎలా మొదలైందో తెలిస్తే మీ మనసు కలుక్కుమంటుంది. 1996లో ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో ఖైదీల్ని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళు వెయ్యిమందికి పైనే ఉంటారని అంచనా. ఆ సంగతి ఇళ్ళలో ఎవరికీ చెప్పలేదు. తల్లులూ భార్యలూ ఏళ్ళ తరబడి జైలు గుమ్మానికి బట్టలూ తినుబండారాలూ మోసుకొస్తూనే ఉన్నారు. కాపలావాళ్ళు పుచ్చుకుంటూనే ఉన్నారు. నిజం బయటపడ్డాక ఆ కుటుంబాలు బెంఘాజీ వీధుల్లో తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని నిలబడసాగాయి. 2011 ఫిబ్రవరిలో వాళ్ళ తరఫు లాయరుని అరెస్టు చేశారు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. 1969 నుంచి గద్దె దిగని గడాఫీ, ఇల్లిల్లూ సందుసందూ గాలించి ఏరేస్తానని టీవీలో కేకలు వేశాడు.

మార్చి 17న భద్రతా మండలి, పౌరుల్ని కాపాడడానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చునని తీర్మానించింది. విదేశీ సైన్యం నేలమీద తిష్ఠ వెయ్యకూడదని షరతు కూడా పెట్టింది. పది దేశాలు సరేనన్నాయి. రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్, మన దేశం ఓటు వెయ్యకుండా ఊరుకున్నాయి. అక్కడ నిజంగా ఏం జరుగుతోందో నమ్మదగిన సమాచారం చేతికి రాలేదని మనవాళ్ళన్నారు. రెండు రోజులకే ఫ్రెంచి విమానాలు బెంఘాజీ వైపు వస్తున్న ట్యాంకుల్ని పేల్చేశాయి. ఊరు దక్కింది.

అక్కడ ఆగితే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే లేకపోయేది. బాంబులు ఏడు నెలలు పడ్డాయి. "కాపాడడం" కాస్తా మెల్లిమెల్లిగా "దింపెయ్యడం" అయింది. అక్టోబరు 20న సిర్తే పట్టణంలో గడాఫీ దొరికాడు, చంపేశారు. 31వ తేదీతో తన పని ముగిసిందని చెప్పి, నాటో విమానాలు తీసుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయింది, సరే. ఆ తర్వాత ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలి? 2012లో ఎన్నికలు జరిగాయి, సంతోషించాం. 2014 నాటికి ఒకటికి రెండు ప్రభుత్వాలు, పేటకో తుపాకుల ముఠా. గడాఫీ చచ్చిన ఆ సిర్తేలోనే, 2015లో, యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటున్న మన తెలుగువాళ్ళని ఇద్దరిని ఎత్తుకుపోయారు. వాళ్ళు విడుదల కావడానికి ఏడాదికి పైగా పట్టింది. అన్నాళ్ళూ ఇక్కడ వాళ్ళ ఇళ్ళలో అన్నం ఎలా మింగుడు పడి ఉంటుందో ఊహించుకోండి. 2023 సెప్టెంబరులో తుఫాను వచ్చి డెర్నా ఊరి పైనున్న రెండు ఆనకట్టలు తెగిపోయాయి. వేలమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. ఆ ఆనకట్టల పగుళ్ళ సంగతి గడాఫీ కాలం నుంచీ తెలుసు. మరమ్మతు పని 2011 గొడవల్లో ఆగిపోయింది. మళ్ళీ అందుకునే నాథుడు లేకపోయాడు.

2016లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి ఈ వ్యవహారాన్ని తవ్వి చూసి, పౌరులకున్న ముప్పును ఎక్కువ చేసి చూపారనీ, కాపాడడానికని వెళ్ళి ప్రభుత్వాన్ని మార్చడంలోకి దిగారనీ తప్పుపట్టింది. అదే ఏడు ఒబామా కూడా, గడాఫీ పోయిన మర్నాటి గురించి ఆలోచించి పెట్టుకోకపోవడమే తన పదవీకాలంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు కావచ్చునన్నాడు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్నాయన ఒప్పుకున్నందుకు మెచ్చుకోవలసిందే. కాని మర్నాటి సంగతి ముందురోజే ఆలోచించాలని చెప్పడానికి అంత పెద్ద కుర్చీ కావాలా? శుభకార్యం తలపెట్టిన ఏ ఇల్లాలైనా, విందు అయ్యాక అంట్లు ఎవరు తోముతారన్నది ముందే చూసుకుంటుంది.

"అయితే వెళ్ళకుండా ఉండవలసింది" అని మీరంటారు. ఆగండి, సిరియాని కూడా చూద్దాం. అక్కడా అదే 2011లో జనం లేచారు, అక్కడా ప్రభుత్వం కాల్పులకి దిగింది. లిబియాలో చెయ్యి కాల్చుకున్న ప్రపంచం సిరియా విషయంలో అలాంటి తీర్మానం చెయ్యలేకపోయింది. ఎవరి స్వార్థం కొద్దీ వాళ్ళు తలో పక్కా చేరి చేతులు పెట్టారే కాని, జనాన్ని కాపాడడం కోసమని అందరూ కలిసి వెళ్ళలేదు. 2024 డిసెంబరులో అసద్ దేశం విడిచి పారిపోయే దాకా లక్షల ప్రాణాలు పోయాయి. వెళ్తే లిబియా, వెళ్ళకపోతే సిరియా! పైగా ఇందులో ఇంకో అన్యాయం ఉంది. వెళ్ళినందువల్ల పోయిన ప్రాణాలు లెక్కకి వస్తాయి. వెళ్ళినందువల్ల దక్కిన ప్రాణాలు ఎవరి లెక్కలోకీ రావు. బెంఘాజీలో ఆ మార్చి నెలలో చావకుండా మిగిలినవాళ్ళెందరో ఎవరు చెప్పగలరు? జరగని చావుకి ఫోటో ఉండదు.

ఈ వాదన ఇప్పటిది కాదు. 1859లోనే జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త దీని మీద వ్యాసం రాశాడు. తన స్వేచ్ఛని తాను పోరాడి తెచ్చుకోలేని జాతికి, ఇంకొకడు తెచ్చి చేతిలో పెట్టిన స్వేచ్ఛ నిలవదన్నాడు. లిబియాని చూస్తే నిజమే సుమా అనిపిస్తుంది. కాని ఆ వ్యాసంలోనే ఆయన, ఈ నియమం నాగరికులకే కాని అనాగరిక జాతులకి వర్తించదని కూడా రాశాడు. ఆయన ముప్పయ్యయిదేళ్ళు ఉద్యోగం చేసింది ఎక్కడో తెలుసా? ఈస్టిండియా కంపెనీలో! అంటే అనాగరికుల జాబితాలో మన తాతముత్తాతలు కూడా ఉన్నారన్నమాట. కంపెనీ వారు కూడా నవాబుల తగువుల్లో సాయం చేస్తామనే కదా వచ్చింది? రెండు పిల్లుల తగువు కోతి తీర్చినట్టు, తీర్చి తీర్చి రొట్టె మొత్తం తినేశారు. ఆఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ చమురు నిల్వలున్న లిబియాకి విమానాలు పరుగెత్తితే, మనలాంటి దేశాలవాళ్ళకి ఆ కోతే ముందు గుర్తుకొస్తుంది. అందులో తప్పు లేదు.

మరి మనం వెళ్ళిన సందర్భం లేదా? ఉంది. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో తన ప్రజల మీదే విరుచుకుపడింది. అంతకుముందు డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన పార్టీకి అధికారం ఇవ్వకపోవడమే గొడవకి మూలం. నెలలు గడిచేసరికి కోటిమంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. ఆ నవంబరు నుంచి ఉత్తరాల మీద అదనంగా ఐదు పైసల శరణార్థి సహాయం బిళ్ళ అంటించడం ఆనాటివాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. గోడ అవతలి ఏడుపు మన వాకిట్లోకే వచ్చి కూర్చుంది. డిసెంబరు 3న యుద్ధం వచ్చింది. 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, కాల్పులు ఆపి సైన్యాలు వెనక్కి పోవాలని 104 దేశాలు ఓటేశాయి. కాదన్నవి పదకొండే. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది.

మనం చేసింది కాబట్టి మంచిదని నేననడం లేదు. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి లాభమన్న సంగతి ఢిల్లీలో ఎవరికీ తెలియకపోలేదు. నాలుగేళ్ళు తిరక్కుండా, 1975లో, ముజిబుర్ రెహ్మాన్‌ని ఆయన ఇంట్లోనే, భార్యాబిడ్డలతో సహా చంపేశారు. వెళ్ళినవాళ్ళు ఎంత బుద్ధిగా తిరిగొచ్చినా ఆ ఇల్లు చల్లగా ఉంటుందన్న హామీ లేదు. కాని ఒక తేడా చూడండి. అక్కడ జనం ఎన్నుకున్న నాయకులున్నారు, సొంతంగా పోరాడుతున్న ముక్తివాహిని ఉంది. మనం వచ్చేసిన తర్వాత ఇల్లు నడుపుకునేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. రామాయణంలో రాముడు లంకని గెలిచి ఏం చేశాడు? విభీషణుడికి పట్టం కట్టి అయోధ్యకి తిరిగొచ్చేశాడు. గెలవడం కన్నా ఆ తిరిగిరావడమే కష్టం.

అందుకని, ఈసారి పేపర్లో ఏదో దేశంలో జనం లేచారనీ, సైన్యాలు వెళ్ళాలా వద్దా అని చర్చ జరుగుతోందనీ చదివినప్పుడు మూడు సంగతులు చూడండి. పిలిచింది ఎవరు, దెబ్బలు తింటున్నవాళ్ళా, విదేశాల్లో కూర్చుని కుర్చీ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళా? బెంఘాజీవాళ్ళు కూడా పైనుంచి విమానాలని ఆపమన్నారే కాని, విదేశీ సైన్యం వద్దని ఊళ్ళో పెద్ద బోర్డు పెట్టుకున్నారు. రెండోది, వెళ్ళేటప్పుడు చెప్పిన పనీ, వెళ్ళాక చేస్తున్న పనీ ఒకటేనా? మూడోది, మర్నాడు పొద్దున్న అక్కడ ఎవరుంటారు? ఈ మూడింటికీ జవాబు లేకుండా తలుపు బద్దలుకొడతానన్నవాణ్ణి నమ్మకండి.

అలాగని, ఆ మూడు ప్రశ్నల్నీ సాకుగా పెట్టుకుని "అది వాళ్ళింటి విషయం" అనేవాణ్ణి కూడా నమ్మకండి. జైలు గుమ్మం ముందు అన్నం మూటతో నిలబడ్డ తల్లికి ఆ మాట ఏనాడూ జవాబు కాలేదు. సైన్యం పంపకపోతే చేతులు కట్టుకుని కూర్చోవడమే అని ఎవరన్నారు? పారిపోయి వచ్చినవాళ్ళకి చోటివ్వవచ్చు. చంపుతున్నవాడికి తుపాకులు అమ్మడం మానవచ్చు. చనిపోయినవాళ్ళ పేర్లు రాసి ఉంచి, అడిగే రోజున అడగవచ్చు. వీటిలో ఏదీ చెయ్యని దేశం, తలుపు బద్దలుకొట్టడం తప్పా ఒప్పా అని ఎంత గొప్పగా వాదించినా, గోడ అవతలి మనిషికి ఒరిగేదేమీ లేదు.