ఫొటో ఏ ప్రమాణం?

స్థానిక ఫొటోగ్రాఫర్ల చిత్రాలను ఒక అంశం కింద చేర్చి ఊరివాళ్ల ముందు పెట్టినప్పుడు, గోడమీది ఫొటో వల్ల కలిగే జ్ఞానం ఎలాంటిదన్న ప్రశ్న పుడుతుంది. అంశం దైవానికి సంబంధించినదైతే ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఇందుకు మంచిర్యాల జిల్లాలోని చెన్నూరు మంచి ఉదాహరణ. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ పట్టణానికి రెండు విశేషాలున్నాయి. ఒకటి, మొత్తం మీద తూర్పుకు సాగే గోదావరి ఇక్కడ ఉత్తరానికి తిరగడం. పంచక్రోశ ఉత్తరవాహిని అని ఈ తీరానికి పేరు. రెండోది, అగస్త్యేశ్వరాలయంలో వందల ఏళ్లుగా ఆరలేదని ఊరివాళ్లు చెప్పే అఖండజ్యోతి. నదిని, దీపాన్ని ఫొటో తీయవచ్చు గానీ వాటి విశేషం మాత్రం ఫొటోలోకి రాదు. నది ఫొటోలో నీళ్లుంటాయి, దిక్కులుండవు. దీపం ఫొటోలో ఉండేది సెకనులో అరవయ్యో వంతు పాటు వెలిగిన మంట. నిన్న సాయంత్రం వెలిగించిన ప్రమిదకూ దానికీ కంటికి తేడా తెలియదు.

న్యాయదర్శనం ఒప్పుకునే ప్రమాణాలు, అంటే సరైన జ్ఞానానికి సాధనాలు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఇంద్రియానికీ వస్తువుకూ కలిగే సంబంధంతో పుట్టేది ప్రత్యక్షం. ప్రదర్శనలో చూపరి కన్ను తాకేది కాగితాన్ని, దీపాన్ని కాదు. అందుచేత అక్కడ కలిగే దీపజ్ఞానాన్ని ప్రత్యక్షమనడం కుదరదు. కొండమీద పొగను చూసి నిప్పు ఉందని గ్రహించినట్టే, కాగితం మీది గుర్తును చూసి ఒకప్పుడు కెమెరా ఎదుట దీపం ఉండేదని గ్రహిస్తాం. ఇది అనుమానం. ఎదుట లేనిది ఫొటోలోకి రాదన్న వ్యాప్తి, అంటే తప్పని సంబంధం, దీనికి ఆధారం. స్టూడియోలు తెరమీది తాజ్‌మహల్ ముందు కొత్త దంపతులను నిలబెట్టిన రోజుల్లోనే ఆ వ్యాప్తికి కాస్త గండి పడింది. కృత్రిమ మేధ వచ్చాక గట్టు పూర్తిగా తెగింది. పోటీల నిర్వాహకులు ఇప్పుడు కెమెరాలో మార్పులు లేకుండా నమోదైన రా ఫైలు పంపమనడం, కనిపించింది పొగో మంచో తేల్చుకోవడానికే.

అనుమానం ఎంత గట్టిదైనా ‘అక్కడ ఒక దీపం ఉండేది’ దగ్గరే ఆగిపోతుంది. అది ఆరలేదన్న సంగతి చెప్పాల్సింది ఫొటో కింద అంటించే రెండు పంక్తుల రాత. నది ఉత్తరానికి తిరిగిందని చెప్పాల్సిందీ అదే. అంటే ఇలాంటి ప్రదర్శనలో తెలిసేదానిలో పెద్ద భాగం శబ్దప్రమాణం మీద, అంటే నమ్మదగినవారి మాట మీద నిలబడుతుంది. అయినా ఫ్రేములకు, లైట్లకు, ప్రారంభోత్సవం ఫ్లెక్సీకి దొరికే శ్రద్ధలో పదో వంతు కూడా ఆ రాతకు దొరకదు. ‘దివ్యజ్యోతి’, ‘గంగమ్మ ఒడిలో’ వంటి పేర్లతో సరిపెడతారు. అవి భక్తిని చెబుతాయి గానీ ఏ విషయానికీ సాక్ష్యం చెప్పవు.

శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన షరతుల్లో పుట్టుక ప్రసక్తి లేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికి, ఆర్యుడికి, మ్లేచ్ఛుడికి ఈ లక్షణం ఒకటేనని కూడా ఆయన అంటాడు. ఉత్తర తెలంగాణలో ఈ మాటకు నిదర్శనం ఉంది. ఆదిలాబాద్ గోండుల జాతరలు, కొలుపులు 1940లలో ఎలా ఉండేవో చూపే ముఖ్యమైన ఆధారాల్లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ తీసిన ఫొటోలు కొన్ని. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య నివసించి, 1948లో వారిపై గ్రంథం వెలువరించాడు. 1987లో మరణించిన ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. పరాయివాడే అయినా, ఉండి చూశాడు కాబట్టి ఆయన మాటకు విలువ ఉంది. ఆ ఫొటోలు మాత్రం లండన్‌లోని సోయాస్ సంస్థకు చేరాయి.

స్థానిక ప్రదర్శనకున్న బలం ఇక్కడే తెలుస్తుంది. పెళ్లిళ్లు, ఊరేగింపులు తీసి బతికే స్టూడియో ఫొటోగ్రాఫర్‌కు హైమెండార్ఫ్ చదువు ఉండకపోవచ్చు. కానీ అతని ఫొటోలో ఉన్నవాళ్లో, వాళ్ల బంధువులో వచ్చి చూస్తారు. ‘ఇది మా రేవు కాదు’, ‘ఆ ఏడు వాన లేదు’ అని అక్కడికక్కడే పట్టుకుంటారు. అతని మాట నిజమో కాదో నిగ్గుతేల్చగలిగినవాళ్లు హాలు నిండా ఉంటారు.

అయితే బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు శబ్దాన్ని విడిగా ప్రమాణమని ఒప్పుకోడు. పేరు, జాతి వంటి కల్పనలేవీ చేరని చూపే ఆయన దృష్టిలో ప్రత్యక్షం. మాట వస్తువును నేరుగా తాకదు. ‘ఆవు’ అన్నప్పుడు, ఆవు కానివాటినన్నిటినీ తోసిపుచ్చడం ద్వారానే అర్థం ఏర్పడుతుంది. దీన్నే అపోహ సిద్ధాంతమంటారు. ప్రదర్శనకు ‘అంశం’ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సిద్ధాంతం దొరకదు.

‘పవిత్ర గోదావరి’ అన్న అంశాన్నే తీసుకుంటే, 2015 జులై 14 నుంచి 25 వరకు జరిగిన గోదావరి పుష్కరాల ఫొటోలు సందేహం లేకుండా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో చెన్నూరుకు దగ్గరలోని అర్జునగుట్ట రేవులో జరిగిన ప్రాణహిత పుష్కరాలు ఉపనది పేరుతో చేరతాయి. అదే 2022 జులై వరదల సంగతేమిటి? 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లతో చెన్నూరు, కోటపల్లి మండలాల్లో పత్తి చేలు మునగడం 2023 దాకా ఏటా వినిపించిన గోడు. మునిగిన చేనులో నిలబడ్డ రైతు ఫొటో గోదావరి ఫొటోయే. అంతకుముందు పుష్కరస్నానం చేసి వచ్చినవాడూ ఆ రైతే కావచ్చు. ఎంపిక సంఘం ఆ ఫొటోను పక్కన పెడితే గోదావరి గురించి అబద్ధం చెప్పినట్టు కాదు గానీ, పవిత్రత అంటే ఏమిటో సంఘమే తేల్చేసినట్టవుతుంది. ప్రాణం పోసే నీరూ పంట ముంచే నీరూ ఒకే దేవతవని నదీతీరపు జనం ఎప్పటినుంచో ఎరుగుదురు. అంశానికి ‘గోదావరి’ అని మాత్రమే పేరు పెట్టి, విశేషణాన్ని చూపరులకు వదిలేయడం మేలు.

తార్కికుల చర్చ అంతా జ్ఞానం గురించి. భక్తుడికి ఫొటో జ్ఞానసాధనం మాత్రమే కాదు. భాగవతం పదకొండో స్కంధం ఎనిమిది రకాల ప్రతిమలను చెబుతూ రాతి, లోహ విగ్రహాలతో పాటు చిత్రించిన బొమ్మనూ లెక్కించింది. ఆలయ మూర్తికి ఆగమాలు విధించిన ప్రాణప్రతిష్ఠ ఫొటోకు జరగదు. అయినా దేవునర్రలో అచ్చు పటానికి కుంకుమబొట్టు పెడతారు, గతించిన పెద్దల ఫొటోకు దండ వేస్తారు. తెలంగాణ మండల కేంద్రాల్లో ఏటా ఆగస్టు 19న ఫొటోగ్రాఫర్ల సంఘాలు డాగురే చిత్రపటానికి పూలమాల వేయడం మామూలే. 1839లో ఆ తేదీన తన పద్ధతి లోకానికి వెల్లడైనప్పుడు, తన పటానికీ బంతిపూల దండ పడుతుందని ఆ ఫ్రెంచి ఆయన ఊహించి ఉండడు. కాబట్టి ప్రదర్శనలో అగస్త్యేశ్వరుడి ఫొటో ముందు ఎవరైనా చెప్పులు విప్పి చేతులు జోడిస్తే అది అమాయకత్వం కాదు. అలాంటి ఫొటోను చెప్పుల స్టాండు పక్కన, మోకాలి ఎత్తులో పెట్టకపోవడం నిర్వాహకుల బాధ్యత.

చూసే హక్కు ఎంతవరకు అన్నది మరో చిక్కు. చాలా ఆలయాల గర్భగుడిలో ఫొటోలు నిషేధం. రేవులో అలాంటి బోర్డు ఉండదు గానీ, అక్కడ జరిగేవన్నీ నలుగురి కోసం జరిగేవి కావు. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ దశాబ్దాల పాటు తీసిన బతుకమ్మ నలుగురిలో ఆడే పండుగ, కనబడటమే దాని స్వభావం. రేవులో పిండం పెడుతున్న మనిషి దుఃఖం ఇంటిది, తడిబట్టలతో మెట్లెక్కుతున్న స్త్రీ ఒంటరితనం ఆమెది. మొదటిదాన్ని అనుమతితో పెట్టవచ్చు. రెండోదాన్ని అందంగా ఉందన్న కారణంతో పెట్టడం ఏ అంశమూ సమర్థించలేని పని. స్థానిక ఫొటోగ్రాఫర్‌కు ఆ ఇళ్లు తెలుసు కాబట్టి, వెళ్లి అడగకపోవడానికి సాకు ఉండదు.

ప్రదర్శన ముగిశాక మిగిలే ముద్రణలకు కూడా ఇదే ఆలోచన వర్తిస్తుంది. పాతబడ్డ దేవుడి పటాలను రావిచెట్టు మొదట్లో పెట్టడమో, నదిలో వదలడమో ఆచారం. ప్లాస్టిక్ పొర ఉన్న నేటి ముద్రణను గోదావరిలో వేయడం నదికి అపచారమే. వాటిని ఊరి గ్రంథాలయానికో బడికో ఇచ్చి, ప్రతిదాని వెనక తీసిన తేదీ, రేవు పేరు, కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసిపెట్టాలి. 2027 పుష్కరాల నాటికి రేవుల రూపం మారితే, పాతవి ఎక్కడ ఉండేవో చెప్పేవి ఆ రాతలే.