మాట పడిపోయిన శరణుని యింట



పక్షవాతము వచ్చిన యింటికి పరామర్శకు పోయినపుడు కాలు, చేయి ఆడుచున్నవా యని మొదట అడుగుదుము. ఆడుచున్నచో గండము గడచినదని లేచి వత్తుము. నడచుచున్నవానికి మాట రానిచో మతి పోయినదని గుసగుసలాడుదుము. ఇది అసత్యము, అంతకు మించి హింస.

1861లో పాల్ బ్రోకా అను ఫ్రెంచి వైద్యుడు 'టాన్' అను శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేని రోగిని పరీక్షించెను. ఎదుటివారు చెప్పినది ఆ రోగి చాలవరకు గ్రహించుచుండెను. మరణానంతరము చూడగా మెదడు ఎడమవైపున ముందుభాగము చెడియుండెను. ఇట్లు భాష దెబ్బతినుటనే వైద్యులు అఫేసియా యందురు. కొందరికి మాట దొరకదు. కొందరికి ఎదుటివారి మాట అందదు. కొందరు 'అవును' అనబోయి 'కాదు' అందురు. అభిమానము మాత్రము ఎక్కడికిని పోదు. జవాబు తెలిసియు నోరు పెగలని పిల్లవానిని మందబుద్ధి యనరాదని బడిలో మేము నేర్చుకొందుము. పెద్దలయెడ ఆ న్యాయమేల మరతురో!

కంటికి కనబడని కష్టములు ఇంకను కలవు: తీరని అలసట, మరపు, ఒక ప్రక్క చూపు తగ్గుట, ఆపుకొనలేని ఏడ్పు. వీనికి సోమరితనమని పేరు పెట్టరాదు.

బసవపురాణమున బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియయ్యెను. శిశువు పాలు కుడువనపుడు ఏమి బాధయో చెప్పుమని నిలదీయలేదు, అంగిటిముల్లేమోయని తల్లడిల్లెను. నోరు లేని బాధను కనిపెట్టుటయే ఆమె భక్తి.

మన ఆచారమున నొక విశేషము కలదు. ఎడమ మెదడు చెడి మాట పోయినపుడు తరచుగా చచ్చుపడునది కుడిచేయి. ఇష్టలింగమును నిలుపు ఎడమ అరచేయి మిగులును! కావున పూజ ముగిసినదనకుడు. పత్రి అందించుటకు కోడలో మనుమడో ప్రక్కన కూర్చుండిన చాలును. మాట రానివారిలో కొందరు పాడగలరు. పంచాక్షరిని రాగముతో వారితో కలిసి పలికి చూడుడు. పెదవి కదలనిచో బలవంతము వలదు.

చికిత్స మానరాదు. మైసూరులో 1965లో నెలకొన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల మాట నేర్పువారు కలరు. అఫేసియావలన కలిగిన శాశ్వత వాగ్వైకల్యమును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. ధ్రువపత్రము కోరుటకు సిగ్గేల?

మఠమున గోష్ఠి జరుగునపుడు వారిని మూలన కూర్చుండబెట్టకుడు. ఒక్కరే, చిన్న వాక్యములతో, మెల్లగా మాటాడుడు. పాలా, మజ్జిగయా యని గిన్నెలు చూపి అడుగుడు. వారి వాక్యమును మీరు పూరింపకుడు. "నాయనగారు భోజనము చేసిరా?" అని కుమారుని అడుగుటకు మారు ఆ పెద్దాయన ముఖము చూచి ఆయననే అడిగి, జవాబు వచ్చువరకు కాచుకొనుడు.