నలుగురూ ఎరిగిన చోట

పల్లె బతుకును మెచ్చుకునేవారు పైరగాలినీ పచ్చని చేలనూ చూపిస్తారు. పల్నాడులో ఆ మాట ఎక్కువసేపు నిలవదు. నరసరావుపేట చుట్టుపక్కల ఎండాకాలం వచ్చిందంటే నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలేదాకా ఇక్కడి చాలా ఊళ్లు వానను నమ్ముకునే సేద్యం చేశాయి. ఇంత గట్టి నేల మీద కూడా బతుకు తీపి అనిపించిందంటే, ఆ తీపి మనుషులది. పల్లెలో మనిషిని నలుగురూ ఎరుగుదురు, పట్నంలో ఎరగరు. ఏ బతుకు ధర్మానికి దగ్గర అన్న ప్రశ్నను ఈ తేడా దగ్గరే తేల్చుకోవాలి.

ఈ ఎరుక ఏం చేయగలదో తెలియాలంటే, శివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్లలో నిలిచే ప్రభలను చూడండి. వెదుళ్లతో, రంగుల గుడ్డలతో, విద్యుద్దీపాలతో మేడల్ని మించిన ఎత్తున కడతారు. ఊరంతా చందాలు వేసుకుని, రోజుల తరబడి చాకిరీ చేస్తుంది. లేపేటప్పుడు అన్ని వైపులా మోకులు బిగబట్టాలి. ఒక వైపు పట్టు సడలితే మొత్తం ఒరుగుతుంది. మొక్కు ఎవరిదైనా, జనం దాన్ని కావూరు ప్రభ అనో పురుషోత్తమపట్నం ప్రభ అనో ఊరి పేరుతోనే పిలుస్తారు. దర్శనం ఒంటరిగానూ చేసుకోవచ్చు, ప్రభ మాత్రం ఒక్కడివల్ల లేవదు. దేవుడి దగ్గరికి వెళ్లే దారి పొరుగువాడి గుమ్మం మీదుగా పోతుందని ఊరు నేర్పే భక్తి ఇది.

అయితే ఆ గుమ్మం అందరికీ తెరుచుకుందా? ఈ అభ్యంతరాన్ని తప్పించుకుని పల్లెను పొగిడితే అది అబద్ధమే. 1895లో ఇదే పల్నాటి వినుకొండలో పుట్టిన కవి జాషువా, గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి తన మొరను గబ్బిలం చేత శివుడికి పంపుకోవలసి వచ్చిన దుస్థితిని కావ్యంగా రాశాడు. 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను సంకుచితత్వానికి నిలయమన్నాడు. ఎరిగినవాళ్ల మధ్యే మనిషి కులం చెరిగిపోని గుర్తవుతుంది. పేరడగని పట్నంలో ఎందరో మొదటిసారి తలెత్తుకుని నడిచారు. ముక్కూమొహం తెలియనివాడికి సాయపడటం పట్నంలోనూ ఉంది, తిరిగి ఏమీ ఆశించని ఆ సాయం చిన్నది కాదు.

ఇదంతా ఒప్పుకున్నా, చెడ్డది ఎరుక కాదనే నా వాదన. ఎదుటివాణ్ణి ఎరగడం ఊరికి రెండు దారులు చూపిస్తుంది. వాడి ఆకలి నా బాధ్యత అనుకుంటే ధర్మం, వాడి చోటు నేను నిర్ణయిస్తాననుకుంటే అధర్మం. ఈ విచక్షణ పట్నం నుంచి దిగుమతి కానక్కర్లేదు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూటి కథను పల్నాడు తరతరాలుగా చెప్పుకుంటోంది. పెత్తనానికి భయపడి ఎరుకనే వదులుకుంటే, స్వేచ్ఛతోపాటు ఒంటరితనమూ వస్తుంది. 2022లో జిల్లా కేంద్రమైన నరసరావుపేట ఇంకా పెరుగుతుంది, పెరగాలి కూడా. కులం అడగని పట్నపు మర్యాదనూ, ఆకలి అడిగే పల్లె చనువునూ కలిపి నిలుపుకోవడమే ఇక్కడివాళ్ల ముందున్న ధర్మకార్యం.