రథం పక్కన పరుగెత్తినవాడు ఏం విన్నాడు?

వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 8:26–40



మన డాలస్ ప్రాంతంలో ఒక విశ్వాసి వారానికి ఎన్ని గంటలు మందిరంలో గడుపుతాడు? రెండో, మూడో. ఫ్రిస్కో నుంచి డౌన్‌టౌన్ ఆఫీసుకు రోజూ వెళ్లివచ్చేవారు అంత సమయం రెండు రోజుల్లోనే కారులో గడిపేస్తారు. పిల్లలతో కబుర్లు కారులోనే. పాటలు వినేది కారులోనే. భార్యాభర్తలు మాట్లాడుకునేది, ఒక్కోసారి పోట్లాడుకునేది కూడా అక్కడే. ఎండాకాలంలో ఉదయం 8 గంటలకు మనం ఇక్కడ బయలుదేరితే ఇండియాలో సాయంత్రం 6:30 అవుతుంది. అమ్మానాన్నలకు ఫోన్ చేయడానికి మనకు దొరికే సమయం అదే. అందుకే ఈ నెల కారు గురించే ధ్యానిద్దాం. బైబిల్లో కారెక్కడిది అంటారేమో! కారు లేదు గాని, రథం ఉంది.

ఐతియొపీయుల రాణియైన కందాకే దగ్గర ధనాగారమంతటి మీద అధికారిగా ఉన్న నపుంసకుడు యెరూషలేములో ఆరాధన ముగించుకుని, గాజాకు పోయే అరణ్యమార్గంలో తిరిగి వెళ్తున్నాడు. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఆత్మ ఫిలిప్పును ఆ రథం దగ్గరకు పంపాడు. ఈ భాగంలో మూడు సంగతులు గమనిద్దాం.

మొదటిది, రథంలోని మాట బయటికి వినబడింది.

ఆ రోజుల్లో చాలామంది గ్రంథాన్ని పైకే చదివేవారు. ఫిలిప్పు పరుగెత్తుకుంటూ దగ్గరకు వెళ్లేసరికి అతడు చదువుతున్నది చెవిన పడింది. ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఫిలిప్పు మన కారు పక్కన పరుగెత్తితే ఏం వింటాడు?

నా సంగతి నేను చెప్పుకుంటాను. ఒక ఆదివారం ఉదయం ఆరాధనకు బయలుదేరాం. పక్కన నా భార్య, వెనక మా పిల్లలిద్దరు, వాళ్లతో పాటు సంఘంలోని ఒక పెద్దావిడ. స్తుతి పాట వస్తోంది. మధ్యలో తెనాలి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. కారు ఎక్కగానే ఫోన్ బ్లూటూత్‌తో దానంతటదే కలిసిపోతుంది కదా, స్టీరింగ్ మీద బటన్ నొక్కాను. వాడి గొంతు కారంతా నిండిపోయింది. అమ్మకు మోకాలి ఆపరేషన్, ఖర్చు, తర్వాత ఎవరి దగ్గర ఉండాలి అన్న మాటలు. నాకు ఓర్పు తప్పింది. “ప్రతిదానికీ నేనేనా? ఇక్కడ డాలర్లు చెట్లకు కాస్తున్నాయా? అక్కడే ఉన్నావు, ఆ మాత్రం చూసుకోలేవా?” అని అరిచాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

కారులో ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇంతలో, ఫోన్ వచ్చినప్పుడు ఆగిన స్తుతి పాట ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది. యంత్రానికి అది తేలిక. నాకూ ఆ రోజు అంత తేలికగానే జరిగిపోయింది. మందిరంలోకి వెళ్లి, నిలబడి, గట్టిగా ప్రార్థన చేశాను. నా పాపం అదే.

చీకటిలో పలికింది వెలుగులో వినబడుతుందనీ, గదుల్లో చెవిలో చెప్పుకున్నది మిద్దెల మీద చాటబడుతుందనీ ప్రభువు లూకా 12వ అధ్యాయంలో హెచ్చరించాడు. నా విషయంలో మిద్దెదాకా వెళ్లనక్కర్లేదు, కారు స్పీకర్లే చాలాయి.

రెండవది, అతడు దారి చూపేవాడు కావాలని ఒప్పుకున్నాడు.

చదివేది నీకు అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలా తెలుస్తుందన్నాడు. ఒక రాజ్యపు ధనాగారాన్ని చూసుకునే మనిషి తనకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడలేదు. ఫిలిప్పును ఎక్కించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మన కారులోనూ త్రోవ చూపే గొంతు ఒకటుంది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనం ఎక్కడున్నామో లెక్కగడుతుంది. 75, 635 రహదారులు కలిసే హై ఫైవ్ దగ్గర అయిదు అంతస్తుల వంతెనల మధ్య దారి తప్పితే మనల్ని తిట్టదు. ఉన్న చోటి నుంచే మళ్లీ దారి కడుతుంది. అయితే మనం ఏం చేస్తాం? పాటకు అడ్డొస్తోందని దాని నోరు నొక్కేస్తాం. తర్వాత ఎగ్జిట్ దాటిపోయి విసుక్కుంటాం.

ఆ ఆదివారం పార్కింగ్‌లో కారు దిగుతున్నప్పుడు నాకు మత్తయి 5వ అధ్యాయం గుర్తొచ్చింది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న మాట. పరిశుద్ధాత్మ చెప్పవలసిన చోట చెప్పాడు. ఆరాధనకు ఆలస్యమవుతోందని నేనే ఆ స్వరాన్ని మ్యూట్ చేశాను.

మరో సంగతి. అమ్మకు ఫోన్ చేయమని కారుతో చెప్పేటప్పుడు మనం ఏం చేస్తామో గమనించారా? “సత్యవతి” అని మన పద్ధతిలో పలికితే అది ఇంకెవరికో కలుపుతుంది. కన్నతల్లి పేరును అమెరికా యాసలోకి వంచి పలికితేగాని దానికి అర్థం కాదు. మంచి కాపరి అలాంటివాడు కాడు. యోహాను 10వ అధ్యాయం ప్రకారం ఆయన తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుస్తాడు. మన పేరు ఆయనకు వచ్చు. ఆయన స్వరం మనకు తెలుసా అన్నదే ప్రశ్న.

మూడవది, అతడు రథాన్ని ఆపించాడు.

దారిలో నీళ్లు కనబడగానే బాప్తిస్మానికి ఆటంకమేమిటని అడిగి, రథం నిలుపమని ఆజ్ఞాపించాడు. ఇంటికి చేరాక చూద్దాం అనలేదు. కొన్ని పనులు బండి నడుస్తుండగా చేసేవి కావు.

ఆరాధన అయ్యాక పెద్దావిడను వాళ్లింటి దగ్గర దింపి వస్తున్నాం. వెనక నుంచి మా అమ్మాయి అడిగింది: “నాన్నా, నానమ్మ కూడా విందిగా?” నేను లేదన్నాను. “బాబాయి ఫోన్ కూడా స్పీకర్‌లోనే ఉంది నాన్నా. నువ్వు అరిచేటప్పుడు నానమ్మ దగ్గింది, నాకు వినబడింది.”

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక షాపు ముందు కారు ఆపాను. ఇంజిన్ కట్టేసి, బ్లూటూత్ తీసేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అక్కడ రాత్రి పదకొండున్నర. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. నిద్రపోలేదన్నమాట. క్షమించమ్మా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, “బండి నడుపుతూ మాట్లాడకురా, పిల్లలుంటారు” అంది.

ఆవిడ అన్నది అంతే. తమ్ముడితో మాట్లాడటానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు నా ప్రార్థన పైకి వెళ్లలేదు.

ప్రియులారా, అమ్మ మాటలో తెలివి కూడా ఉంది. బండి నడుపుతూ మెసేజ్‌లు పంపడాన్ని టెక్సాస్ చట్టం 2017 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించింది. గంటకు 55 మైళ్ల వేగంతో పోయే కారు 5 సెకన్లలో 400 అడుగులు దాటుతుంది. అంతసేపు తెర వైపు చూస్తే అన్ని అడుగులు కళ్లు మూసుకుని నడిపినట్టే. చేతిలో ఫోన్ లేకపోయినా, మనసు గొడవలో ఉంటే కళ్లు దారిని చూస్తున్నా చూడనట్టే. మన కుటుంబం, పక్క లేనులో వెళ్లే మరో కుటుంబం మన చేతిలో ఉన్నాయి.

కాబట్టి ఈ వారం కొన్ని చిన్న పనులు చేద్దాం. వెళ్లవలసిన చోటు బండి కదలకముందే పెట్టుకుందాం. ఫోన్ ఎత్తగానే, “కారులో అందరికీ వినబడుతోంది” అని అవతలివారికి చెబుదాం. డబ్బు, ఆస్తి, అనారోగ్యం లాంటి మాటలు వస్తే, “ఆగి చేస్తాను” అని చెప్పి, నిజంగానే ఆగి చేద్దాం. ప్రయాణంలో తెలుగు ఆడియో బైబిల్ ఒక అధ్యాయం విందాం. ఆ మంత్రి రథంలో మొదలైంది కూడా వాక్యంతోనే. ఇంట్లోవారికి మిగిలిపోయిన సమయం మాత్రమే ఇస్తున్నామేమో, వారానికి ఒక్కసారైనా కారు బయట కూర్చుని అమ్మానాన్నలతో మాట్లాడదాం.

ఆ నపుంసకుడు సంతోషిస్తూ తన త్రోవన వెళ్లాడని లూకా రాశాడు. దారి మధ్యలో ఆగినందువల్ల అతనికి నష్టమేమీ రాలేదు. మీరెవరికైనా ఫోన్ చేయవలసి ఉంటే, వచ్చే ఆదివారం దాకా ఆగకండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా నోటి మాటలు ఎవరి చెవిన పడినా మీ నామానికి అవమానం రాకుండా మమ్మల్ని కాపాడండి. మీ స్వరం వినబడినప్పుడు ఆగే మనసు మాకివ్వండి. దూరాన ఉన్న మా తల్లిదండ్రులను, తోబుట్టువులను దీవించండి. యేసు నామంలో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.