దించని బిడ్డ

మా అమ్మమ్మకు తొలిచూలు బిడ్డ మా అమ్మ కాదు. ఈ సంగతి నాకు పదో తరగతి పూర్తయ్యేదాకా తెలియదు.

1977 నవంబరు 19, కార్తీకమాసం. దివిసీమ మీదికి సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చింది. సర్కారు లెక్కల ప్రకారమే పోయినవాళ్లు 10,000 మంది దాకా ఉన్నారు. వాళ్లలో అమ్మమ్మ చంకలోని రెండేళ్ల పిల్లాడు ఒకడు. బతికుంటే నాకు పెద్ద మావయ్య. ఆ పిల్లాడి ఫొటో ఒక్కటి కూడా లేదు.

ఆ రాత్రంతా అమ్మమ్మ తుమ్మచెట్టును కరుచుకుని ఉందట. మోచేతి నుంచి మణికట్టు దాకా ముళ్లు చీరిన చారలు ఇప్పటికీ ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఆరుబయట నులకమంచం మీద ఆ చెయ్యే నాకు తలగడ. ఆ చారల మీద వేలితో రాసుకుంటూ నిద్రపోయేవాణ్ణి. తెల్లగా, సన్నగా, దారప్పోగుల్లా ఉండేవి. ‘ఇవేంటమ్మమ్మా?’ అంటే ‘ముళ్లు గీసుకున్నాయిలే, పడుకో’ అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు.

అమ్మమ్మ ప్రేమ అనగానే మనకు సున్నుండలు, గోరుముద్దలు, తలంటు స్నానాలు గుర్తొస్తాయి. అవన్నీ నాకూ దండిగా దక్కాయి. కానీ పెద్దయ్యేకొద్దీ నన్ను ఆలోచనలో పడేస్తున్నది వేరే ఉంది. ఒకసారి ఒడి ఖాళీ అయిపోయిన మనిషి, అదే సముద్రం పక్కన, మళ్లీ ఇల్లు కట్టుకుని, మళ్లీ ఉయ్యాల ఎలా వేసింది? ఉప్పెన అయిన రెండేళ్లకు అమ్మ పుట్టింది, తర్వాత మావయ్య. ఏటా కార్తీకం వస్తూనే ఉంది, గాలి లేస్తూనే ఉంది.

మా తరానికి అన్నీ కుదరాలి. ఉద్యోగం కుదిరాక పెళ్లి, ఇల్లు కుదిరాక పిల్లలు. ఏ ప్రమాదమూ లేదని తేలాకే మనసివ్వాలని మాకు తెలియకుండానే నేర్చుకున్నాం. అమ్మమ్మకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆమె భయమూ ఎక్కడికీ పోలేదు. టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, బిందెల నిండా మంచినీళ్లు పట్టిస్తుంది, అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవరులో చుట్టి కొంగున ముడేస్తుంది. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉన్న నాకు ఫోన్ చేసి ‘బయటికెళ్లమాకు నాయనా’ అంటుంది.

అంత భయపడే మనిషే కాలవ రేవులో నాకు ఈత నేర్పించింది. మావయ్య నీళ్లలో నన్ను పట్టుకుంటే, తను మెట్టు మీద నిలబడి ‘వదిలెయ్, వదిలెయ్, వాడే తేల్తాడు’ అని అరిచేది. నీళ్లను అందరికన్నా ఎక్కువగా ఎరిగిన మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో అప్పుడు నాకేం తెలుసు?

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగేశాను, ‘మళ్లీ పిల్లల్ని కనాలంటే భయమెయ్యలేదా అమ్మమ్మా?’ అని. చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

‘ఎందుకెయ్యదురా! మీ అమ్మని ఎత్తుకున్నప్పుడల్లా ఏసేది. అట్టాగని కిందకి దించేస్తామా?’

నేను విన్న ఉపన్యాసాల్లో, చదివిన పుస్తకాల్లో ప్రేమ గురించి ఇంతకన్నా గట్టి మాట నాకు దొరకలేదు. నా మీద ఆమెకున్న ప్రేమ సులువుగా పుట్టింది కాదని ఆ రోజు అర్థమైంది. ఆ రుణం నేను తీర్చుకోగలనని అనుకోవడం లేదు, ఆమె అడగనూ లేదు. తెలుసుకుని ప్రేమించడం మాత్రం నా చేతిలో ఉంది.

మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు ఫోను పక్కన పెట్టి దగ్గర కూర్చోండి. మీ అమ్మానాన్నలు పుట్టకముందు ఆమె ఎలా బతికిందో అడగండి. మొదటిసారి చెప్పకపోవచ్చు. నొక్కి అడగకండి, మళ్లీ వెళ్లండి.