తుప్పు, పుట్టీ, నిజాయితీ

సూరతు, భరూచుల నడుమ కిమ్ స్టేషను దాటి ఉత్తరముగా పోవు రైలు అహమ్మదాబాదు చేరును. ఆ నగర సమీపమున కఠ్వాడాలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన పురాతన కార్లలో అమెరికావారి ప్యాకార్డులును గలవు. 1899లో డెట్రాయిట్‌కు వెలుపల పుట్టి, 1903లో అచ్చటికి చేరిన ఆ కారు తయారీ 1958లో నిలిచిపోయెను. అట్టి కారు తుప్పుపట్టినయెడల విడిభాగములు ఎచ్చటనుండి వచ్చును? మరమ్మతుదారుడు తానే చేసికొనవలెను.

సుళువైన మార్గమొకటి కలదు: తుప్పుపై పుట్టీ పూసి రంగు వేయుట. చూచువారికి కన్నులపండువే! అయితే ఇనుపతుప్పు పెచ్చులూడు స్వభావము గలది. తేమ తగులుచున్నంతకాలము అడుగున తినుచునే యుండును. కుళ్లిన రేకును కోసి క్రొత్తరేకు అతుకుటయే నిజమైన మరమ్మతు. ఐనను, అట్లు అతికినదానిని 'అసలుది' అని అమ్మవచ్చునా? పురాతన వాహనములను గూర్చి 2013లో తుదిరూపు దాల్చిన టూరిన్ నియమావళి, మార్చిన భాగములపై చెరగని గుర్తు వేయుమని సలహా యిచ్చుచున్నది. గుర్తు వేసినచో వెల తగ్గునేమోయని యజమాని జంకును. వేయనిచో కొనువాడు మోసపోవును, డెట్రాయిట్ పనివాడు చేయని పని అతని పేర చెల్లును.